ఎడమ కాలు ముందు

ఇడపనూరు
19 మే 2025, సోమవారం

హేమా,

నిన్న ఆదివారం మధ్యాహ్నం ఒకటి నలభైకి మీ నాయిన సినిమా నడుమల లేచి బయటికి పోయిండు. మళ్ళ లోపలికి రాలే. సినిమా రెండు పదికి అయిపోయింది. మేము బయటికి వచ్చేసరికి టెంపో ముందు సీట్ల కూసొని ఉన్నడు. రాయచూరు నుంచి ఊరి దాంక రుమాలు కండ్ల మీదికి గుంజుకొనే ఉన్నడు.

ఇది ముందు రాస్తున్న. మిగిలినవన్ని దీని ఎనకనే ఉన్నయి.

బసవప్ప టెంపోల పద్దెనిమిది మందిమి పోయినం. నెల దినాల సంది మీ నాయిన కనపడినోళ్ళకల్ల "నా పెద్దబిడ్డ సినిమాల యుద్ధం చేస్తున్నది" అని చెప్తనే ఉండె గద. ఊరంత వస్తమన్నది. టెంపోల పట్టినోళ్ళే వచ్చిన్రు. మీ అమ్మ రాలే. బర్రె నేడో రేపో ఈనేటట్టు ఉండె.

'కత్తుల గవిని' కథ నీకు ఎరుకే. అయినా నేను చూసింది నేను రాస్త. కోటల మొగోళ్ళు దండుకు పోయి తిరిగి రారు. శత్రువులు వచ్చి చుట్టుకుంటరు. నీళ్ళు మోసేటోళ్ళు, పిండి విసిరేటోళ్ళు, నూరుమంది ఆడోళ్ళు నాగవ్వ అనేటామె ఎనక నిలబడి కోటవాకిలి, అదే గవిని, కాస్తరు. నలభై దినాలు. ఆఖర్ల నాగవ్వ బురుజు మీదికెళ్ళి దుంకి శత్రువుల సర్దారును పడగొడతది.

మొదటి గంట అందరి పని నీ మొకం ఎతుకుడే. "అగో, మూడో వరుసల, ఎర్రచీర, హేమనే" అంటది హుచ్చమ్మ. "ఆమెకు ముక్కుపుడక ఉన్నది, అక్కకు ఏడిది?" అంటది మీ చెల్లె ప్రవల్లిక. ముందు సీట్లోళ్ళు ఎనక్కి తిరిగి కన్నడల తిట్టిన్రు. ఇంటర్వెల్ల లైట్లు పడంగనే బసవప్ప గట్టిగ అడిగిండు: "ఏన్ ఓబయ్యణ్ణా, బిడ్డ ఏడున్నది? ఇంక గేటుకాడ టికెట్ చూపిస్తున్నదా?" అందరు నవ్విన్రు. మీ నాయిన చేతిల చాయ్ ఉండె. తాగకుండనే కింద పెట్టిండు. తర్వాత ముప్పావుగంట కూసున్నడు. గంతే.

తిరుగుదారి టెంపోల పెద్ద జగడం. హుచ్చమ్మ పదిహేను మంది కూలోళ్ళను ఎంటేసుకొని తిరిగేటామె, ఆమెకు సినిమా నచ్చలే. "పత్తిచేన్ల కలుపు తీయనీకె పోతేనే కొప్పు గట్టిగ పెట్టి, కొంగు నడుముకు చెక్కుతం. గీళ్ళు జుట్టు ఇరబోసుకొని యుద్ధం చేస్తరా? ఒక్కడు పట్టి గుంజితే అయిపాయె" అన్నది. బసవప్పకు నచ్చింది. "నీకేం తెలుసవ్వా? నాగవ్వ ఏషం కట్టినామె ఆరునెలలు కత్తి నేర్చుకున్నదంట, పేపర్ల వచ్చింది. బురుజు మీదికెళ్ళి ఎట్ల దుంకింది! ఆడదంటే గట్లుండాలె." హైస్కూలు దుర్గేశ్ సారు రెండు దిక్కులా లేడు. ఇసుంటి నాగవ్వ ఏ శాసనంలనూ లేదు, ఆధారం లేని కథ అన్నడు. హుచ్చమ్మ ఆయన దిక్కు తిరిగి, "శాసనం చెక్కినోడు మొగోడే గద సారూ" అన్నది. సారు కిటికీలకెళ్ళి బయటికి చూసుకుంట కూసున్నడు.

నా మాట అడుగుతవా, పిండి విసిరే చేతులు బాగ చూపించిన్రు. పాటలు రెండు తగ్గిస్తే సరిపోయేది.

ఇగ అసలు సంగతి. ప్రవల్లికకు ఆటల హాస్టల్ల జూడోకు సీటు వచ్చింది. తండ్రి దస్కతు చేసిన కాగితం జూన్ 13, శుక్రవారం లోపల రాయచూర్ల ఇయ్యాలె. నిన్న మాపటికి ఆ కాగితం మీ నాయిన ముందు పెట్టింది. ఆయన మడిచి ట్రంకుపెట్టెల పెట్టి తాళమేసిండు. "ఒకదాని కాలు ఇరిగింది సాలు" అన్నడు. నీకు పన్నెండేండ్లప్పుడు, పీర్ల పండుగ నాడు, ఊరి బురుజు ఎక్కి దుంకి కుడికాలు చీలమండకాడ ఇరగ్గొట్టుకుంటివి. పదమూడేండ్ల కిందటి సంగతి. ఇప్పుడెందుకు తీసిండు? నా అంచనా చెప్తున్న: నీ మొకం కనపడక నలుగుర్ల తల తీసేసినట్టయింది. ఆ కోపం చిన్నదాని మీద పడ్డది.

ఒక్కటే అడుగుతున్న. నువ్వు ఆ సినిమాల ఉన్నవా, లేవా? ప్రవల్లిక ఫోన్ చేద్దామంటది. నా చెవుల ఫోను గుయ్యిమనుడు తప్ప మాట పడదు. ముప్పైఒక్క ఏండ్లు ఈ ఊరి పోస్టాఫీసు నడిపినదాన్ని, జాబుకు జాబే కావాలె.

మీ మేనత్త
అలివేలమ్మ


హైదరాబాదు
24 మే, శనివారం

అత్తా,

నీ జాబు గురువారం అందింది. నాలుగుసార్లు చదివిన. ప్రతిసారి మొదటి లైనుకాడనే ఆగిపోతున్న.

నీ ప్రశ్నకు జవాబు: ఉన్న. ఏ సీన్ల, ఏ బట్టల్ల అని అడగకు. చెప్పనని కాగితం మీద దస్కతు చేసిన. మాట తప్పినోళ్ళను మళ్ళ పనికి పిలవరు. ప్రవల్లికకు ఫోన్ల చెప్తే ఊరి మైకుల చెప్పినట్టే. నాయినకు చెప్దామంటే ఆయన ఫోన్ల "తిన్నవా, పండుకున్నవా" దాటి మూడో మాట మాట్లాడడు.

హుచ్చమ్మకు చెప్పు, ఆమె అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. మా ఫైటు మాస్టరు కూడా కొప్పు పెట్టాలనే అన్నడు. జుట్టు ఎగరకుంటే ఆడోళ్ళని ఎట్ల తెలుస్తది అన్నడు డైరెక్టరు. "చీరలు కట్టిన్రు గద సార్" అన్నడు మాస్టరు. అయినా జుట్టే గెలిచింది. సగం టేకులు జుట్టు కండ్లల్ల పడి పోయినయి. కత్తులు రబ్బరువి. బరువు ఉండదు. ఎండల మూడు గంటలు పట్టుకుంటే అప్పుడు ఉంటది.

ఇక్కడ కూడా ఒకరి మాట ఒకరికి కలవదు. నాతోని పనిచేసే లోకేశ్ మన సింధనూరు దిక్కే, కాలువ కింద ఆంధ్రోళ్ళు వచ్చి నిలిచిన క్యాంపుల పుట్టి పెరిగినోడు. వాళ్ళ నాయిన సినిమా చూసి కోప్పడ్డడంట. లోకేశ్ మాట లోకేశ్ అన్నట్టే రాస్తున్న: "మా నాన్న నమ్మట్లేదండీ హేమగారూ. నూరుమంది ఆడాళ్ళు నలభై రోజులు కోట కాయడం ఏంటంటాడు. మా మిల్లులో బస్తాలు మోసేది ఆడాళ్ళే, రోజూ చూస్తాడు. అయినా నమ్మట్లేదండీ." మా హాస్టలు నడిపే ఆంటీకి మాత్రం నాగవ్వ వడ్డాణం నచ్చింది. అసుంటిది ఎక్కడ చేస్తరని నన్నడిగింది.

ఇవన్ని రాస్తున్న గాని మనసు రాయచూరు టాకీసులనే ఉన్నది. నాయిన ఇజ్జత్ కోసం లేచిండు. నూరుమంది ఎనక నూరుమందిమి పనిచేసినం. మొకం కనపడేది ఇద్దరిది, ముగ్గురిది. కనపడకపోతే నేను పని చేయనట్టేనా? గంత మాత్రానికి చెల్లె సీటు పోగొడతడా?

ఆ కాగితం మీద నువ్వు దస్కతు చేయరాదా? మేనత్తవు.

హేమ

(అమ్మకు చెప్పు, బర్రె ఈనినంక జున్ను నా పేరు మీద ఒక గిన్నె తియ్యమని. తినేది నువ్వే.)


ఇడపనూరు
28 మే, బుధవారం

హేమా,

బర్రె మొన్న సోమవారం పొద్దుగాల ఆరింటికి ఈనింది. ఆడదుడ్డె. నల్లగున్నది, నొసట తెల్లచుక్క. నీ పేరు మీద జున్ను తిన్న. కొంచెం ఉప్పెక్కువైంది.

చెప్పరాదన్నవు. నాకు సాలు. పోస్టుకార్డుల మీద ఏమున్నదో కండ్లకు కనపడుతుండె, అయినా ఏనాడూ నోటికి రానీయలే. దస్కతు చేసినంక చేసినట్టే ఉండాలె. కానీ ఒక తప్పు జరిగింది. నీ జాబు ప్రవల్లిక హుచ్చమ్మకు చదివి వినిపించింది. కొప్పు సంగతి విని హుచ్చమ్మ ఊరంత తిరిగింది, హైదరాబాదు మాస్టరు తన మాటే అన్నడని. దాంతోపాటు మిగతాది కూడా బయటపడ్డది. "చెప్పరాదంటే లేదన్నట్టే గద" అంటున్నడు బసవప్ప. హుచ్చమ్మ వానితోని కొట్లాడింది. వాడు నవ్వుతున్నడు.

దస్కతు నేను చేస్తే చెల్లదు. తల్లి చేయొచ్చు. మీ అమ్మ మాత్రం "ఆయన కాదన్నది నేను పంపను" అన్నది. కాగితమేమో ట్రంకుల, తాళంచెవి మీ నాయిన మొలతాడుకు.

ఇంకొక సంగతి. మీ నాయిన 21 నాడు, 24 నాడు, నిన్న 27 నాడు రాయచూరు పోయిండు. మూడుసార్లూ తొమ్మిది నలభైఐదు బస్సుకే. విత్తనాలకు అన్నడు. మూడింటికి తిరిగి వచ్చిండు. విత్తనాల సంచి ఒక్కసారీ రాలే. నిన్న ఆయన పోయేటప్పుడు తాళంచెవి గూట్ల మర్చిపోయిండు. మీ అమ్మ ట్రంకు తెరిచింది. కాగితం లేదు. వెంట తీసుకపోతున్నడు.

ఇంతవరకు చూసింది. ఇగ అంచనా: హాస్టలు ఆఫీసుకు పోయి సీటు వద్దని చెప్తున్నడు. ఇది తప్పు కావచ్చు. కానీ వేరే లెక్క నాకు తోచలే. ప్రవల్లిక రెండు దినాల సంది అన్నం ముందు కూసొని లేస్తున్నది. కాగితానికి ఇంక పదహారు దినాలున్నయి.

నీ అత్త


హైదరాబాదు
2 జూన్, సోమవారం

అత్తా,

ఈ జాబుతోపాటే నాయినకు వేరే జాబు డబ్బల ఏసిన. ఆయనకు తెలుగు చదవరాదు, నువ్వే చదివి వినిపించాలె. ఒక్క ముక్క తియ్యకు. కష్టమైన మాటలున్నయి. "నీకు బిడ్డ అక్కరలేదు, బిడ్డ మొకం పెద్దగ చేసి గోడకు అంటిస్తే నీకు సాలు" అని రాసిన. "నా మొకం కనపడకపోతే చెల్లె బతుకు ఎందుకు మూస్తవు?" అని రాసిన. పోయినవారమంత ఈ రెండు లైన్లు నోట్ల తిరిగినయి. రాసినంకనే పని చేయగలిగిన.

శుక్రవారం ఒక ఆడపిల్లల కాలేజీల మాస్టరు కత్తి ఆట చూపిస్తే నేను పక్కన నిలబడ్డ. అయినంక పిల్లలు సినిమా మీద కొట్లాడిన్రు. మొగోని లెక్క నరికితేనే ఆడది గొప్పదా అన్నది ఒకామె. ఇంకొకామె, పిండి విసిరే సీను చూసి వాళ్ళ అవ్వకు ఫోన్ చేసిందంట. ఎవరు గెలిచిన్రో తెలియదు, గంట కొట్టిన్రు. నాకు ఇద్దరూ నిజమే చెప్పినట్టున్నది. ఇసుంటి ముచ్చట మన ఇంట్ల జరగాలని ఉండె. జరుగుతున్నదేమో ట్రంకు తాళం.

13 లోపల ఏదో ఒకటి కాకపోతే నేనే వస్త. వచ్చినంక నెమ్మదిగ మాట్లాడత అని మాటియ్యలేను.

హేమ


ఇడపనూరు
7 జూన్, శనివారం
(స్పీడ్ పోస్టు)

హేమా,

నా అంచనా తప్పు. మీ నాయిన సీటు వద్దనలే. 18 నాడు ఇజ్జత్ కోసం లేవలే. రెండు తప్పులూ నేను రాసినవే. నువ్వు నమ్మినవు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్న.

31 నాడు ఆయన ఇంకొకసారి రాయచూరు పోయివచ్చిండు. బుధవారం, 4 నాడు, మళ్ళ తొమ్మిది నలభైఐదు బస్సుకు పోయిండు. నేను ఎనక బస్సుకు పోయిన. ముందు హాస్టలుకు. అక్కడ జూడో నేర్పే మేడం ఉన్నది. మా తమ్ముని పేరు చెప్తే గుర్తుపట్టింది. మూడుసార్లు వచ్చిండంట. వచ్చిన ప్రతిసారి ఒక్కటే మాట అడిగిండంట: "పడుడు నేర్పిస్తరా?" మొదటి రెండు నెలలు నేర్పేదే పడుడు, అన్నదంట మేడం. చూస్త అన్నడంట. తలుపుకాడ మెట్ల మీద కూసొని పిల్లలు పడుతుంటే, లేస్తుంటే చూసిండంట. కాగితం జేబుల నుంచి తీసి, చూసి, మళ్ళ జేబుల పెట్టుకున్నడంట.

హాస్టలు నుంచి టాకీసుకు పోయిన. బసవప్ప ఒకనాడు ఆయనను ఆ మూలమీద చూసినన్నడు, అందుకు. నేను చేరేసరికి ఒకటిన్నర. టికెట్లు చింపే నింగప్పను అడిగిన. ఆయన చెప్పింది ఇది:

"రుమాలు పెద్దాయనా? ఇయ్యాలటికి ఆరోసారి తల్లీ. అంత మంచిగ కూసుంటడు. బురుజు సీను రాంగనే లేచి బయటికొస్తడు. ఈ తలుపుకాడ నిలబడి, గోడ దిక్కు తిరిగి, 'దుంకిందా?' అంటడు. 'దుంకింది' అంట నేను. 'లేచిందా?' అంటడు. లేచింది, సర్దారును పొడిచింది అంట. 'ఆమె కాదు, దుంకినామె' అంటడు. దుంకినామె, లేచినామె ఒక్కరే గద తల్లీ? ఈయనకు తల బాగనే ఉన్నదా?"

నేను జవాబు చెప్పేలోపల తలుపు తెరుచుకున్నది. ఒకటి నలభై. మా తమ్ముడు బయటికి వచ్చి నన్ను చూసిండు. దాయాలని చూడలే. "అక్కా, ఎడమ కాలు ముందు పెట్టింది" అన్నడు.

నీకు యాదికి ఉన్నదా? కాలుకు కట్టు ఇప్పినంక మూడు నెలలు నువ్వు బండి దిగాలంటే, గడప దిగాలంటే, మీ నాయిన పక్కన నిలబడి "ఎడమ కాలు ముందు పెట్టు బిడ్డా" అనేటోడు. బడి మెట్లకాడికి కూడా వచ్చి అనేటోడు, పిల్లలు నవ్వేటోళ్ళు. కోట బురుజు మీదికెళ్ళి వచ్చినామె నేలకు ఎడమ కాలు ముందు ఆనించింది. కుడిచెయ్యి ఎనక్కి పోయింది. పద్దెనిమిది మందిమి మొకం ఎతుకుతున్నం. ఆయన ఆ మొదటి నాడే కాలు చూసిండు.

ఆ ఎంటనే తెరమీద వేరే ఆమె మొకం వస్తది. అందరికీ నాగవ్వ లేచింది. ఆయన బిడ్డ మాత్రం పడ్డకాడనే ఉన్నది. ఆరుసార్లు పోయినా ఆయనకు నువ్వు లేచింది కనపడలే.

ఫోన్ల అడగరాదా అన్న. "అడిగితే బాగున్న అంటది. కాలు ఇరిగిన నాడు కూడా గదే అన్నది" అన్నడు.

నీ జాబు ఆయనకు నిన్న శుక్రవారం పదకొండింటికి వచ్చింది. అంత నౌకరిల ఒక్క జాబు ఆపలే నేను. నిన్న మొదటిసారి ఆపాలనిపించింది. ఆపలే. ఆయన దుడ్డెకు ఈగలు తోలుకుంట కూసున్నడు, పక్కన నిలబడి పూర్తిగ చదివిన. గోడకు అంటించే మాట కూడా చదివిన. మీ అమ్మ ఏడ్చింది. ఆయన ఏడవలే. "గింత కోపం రాస్తున్నదంటే కాలు బాగనే ఉండాలె" అన్నడు. దుడ్డె మెడ నిమిరి, "కానీ అడుగు. జాబుల అడుగు. నువ్వు నేర్పిన అక్షరాలతోని అది అబద్ధం రాయదు" అన్నడు.

అడుగుతున్న. ఎవరి బదులు దుంకినవో నాకొద్దు, నీ దస్కతు నీది. దుంకినామె లేచిందా? ఎప్పుడు, ఎట్ల లేచింది? ఆరు దినాలున్నయి. స్పీడ్ పోస్టుల రాయి.

అలివేలమ్మ


హైదరాబాదు
9 జూన్, సోమవారం
(స్పీడ్ పోస్టు)

అత్తా, ఇది నాయినకు చదువు.

నాయినా,

లేచిన.

14 నవంబరు, గురువారం, సాయంత్రం నాలుగు పది. మూడో టేకు. సినిమాల నలభై అడుగుల బురుజు లెక్క కనపడుతది. అది ఒక దుంకుడు కాదు, రెండు ముక్కలు. పై ముక్క పద్దెనిమిది అడుగులు. కింద నూటఇరవై అట్టపెట్టెలు పేర్చి పైన పరుపులు ఏసిన్రు, వాటి మీద పడ్డ. నువ్వు చూసిన కాలు కింది ముక్కల ఉన్నది. అది ఏడు అడుగులు. నేల పొద్దుగాలనే తవ్వి, జల్లెడపట్టిన మట్టి పోసి మెత్తగ చేసిన్రు. మన ఊరి బురుజుల సగం కూడా లేదు.

రెండు కాళ్ళ మీద పడి దొర్లాలె అని మాస్టరు రెండు టేకులు తిట్టిండు. మూడోసారి కూడా ఎడమ కాలే ముందు పోయింది. "నీకు ఎవరు నేర్పిన్రు ఇట్ల?" అన్నడు. మా నాయిన అన్న. ఆయన నవ్వి, ఇగ ఇదే ఉంచుదాం అన్నడు.

దుంకినంక నా చేతులతోని మట్టి దులుపుకున్న. ఎవరూ పట్టుకోలే. నడుచుకుంట నీళ్ళ డ్రమ్ముకాడికి పోయిన. నలభై అడుగులుంటది. మజ్జిగ తాగిన. మర్నాడు ఎడమ మడమ వాచింది. డాక్టరు ఫోటో తీసి ఎముకకు ఏం కాలేదన్నడు. రెండు దినాలు కూసున్న, మూడోదినం పనికి పోయిన. నీకు చెప్పంది ఆ రెండు దినాలే. కుడికాలుకు ఏం కాలే. దాని తర్వాత వేరే సినిమాలల్ల తొమ్మిదిసార్లు దుంకిన. తొమ్మిదిసార్లూ లేచిన.

నేను రాసిన జాబు చింపకు. చూరుల చెక్కు. నేనొచ్చి నేనే పొయ్యిల పెడత.

చెల్లెను పంపు. పడుడు నేర్చుకోనీ, నా లెక్క కాకుండ సరిగ్గ నేర్చుకోనీ.

అత్తా, ఇది నీకు. నీ అంచనా నువ్వు అంచనా అనే రాసినవు. దాన్ని నిజం చేసుకున్నది నేను. నాకు సోమవారం, 16 నాడు సెలవు దొరికింది. ఆదివారం రాత్రి బస్సెక్కుత. పొద్దుగాల ఎనిమిదిన్నరకు రాయచూర్ల దిగుత.

హేమ


ఇడపనూరు
12 జూన్, గురువారం
(స్పీడ్ పోస్టు)

హేమా,

మీ నాయిన నిన్న బుధవారం పదకొండు ఇరవైకి కాగితం మీద దస్కతు చేసిండు. కన్నడల, పూర్తి పేరు. నేను ఇయ్యాల పొద్దుగాల పోయి హాస్టల్ల ఇచ్చి రసీదు తెచ్చిన.

నీ జాబు పదకొండింటికి వచ్చింది. మొదటి మాట చదవంగనే "ఆగు" అన్నడు. రుమాలు తీసి మొకం తుడుచుకున్నడు. "ఇగ చదువు" అన్నడు. అయిపోయినంక "ఎన్ని అడుగులు నడిచిందంట?" అని అడిగిండు. నలభై అన్న. లేచి వాకిట్లకు పోయి నడుసుడు మొదలుపెట్టిండు. బర్రెల కొట్టం దాటి, చేదబాయి దాటి, హుచ్చమ్మ గడపకాడ ఆగిండు. అక్కడ బసవప్ప కూసొని ఉన్నడు.

"ఏన్ ఓబయ్యణ్ణా, ఏడికి?"

"ఏడికీ లేదు. అడుగులు లెక్కపెడుతున్న."

"అయ్యో, ఎండ తగిలినట్టున్నదే. కూసో. నువ్వేమన్న అను, ఆ హీరోయిన్ బురుజు మీదికెళ్ళి దుంకింది చూడు..."

"అవు" అన్నడు మీ నాయిన. "బాగ దుంకింది."

అని నవ్విండు. 18 నాటి సంది ఇంట్ల వాకిట్ల ఆయన నవ్వు ఇనుడు అదే మొదలు. బసవప్ప కూడా నవ్విండు, ఎందుకో వానికి తెలియదు. మీ నాయిన ఎవ్వరికీ చెప్పలే. ప్రవల్లికకు కూడా చెప్పలే. నీ కాగితం మీద నువ్వు ఎట్ల నిలబడ్డవో ఆయన అట్లనే నిలబడుతనన్నడు.

హుచ్చమ్మకు మాత్రం ఏదో అర్థమైనట్టున్నది. ఏమీ అడగలే. నీకోసం పిన్నులు రెండు డబ్బలు కొని ఇచ్చింది. ఎవరేమన్నా సరే కొప్పు పెట్టుకోమని చెప్పింది.

మీ అమ్మకు ఆ నవంబరు రెండు దినాల సంగతి మీద కోపం ఉన్నది. అది నువ్వు వచ్చి తీర్చుకో. కోపంతోనే సజ్జరొట్టెలు చేస్తది.

ఇగ సోమవారం సంగతి. నేను, మీ నాయిన, అమ్మ, ప్రవల్లిక, హుచ్చమ్మ, అందరం ఆరు నలభై బస్సుకు బయలుదేరుతం. ప్రవల్లిక వెంట ఒక బకెట్, రెండు జతల బట్టలు, పదో తరగతి మార్కుల కాగితం. ఎనిమిదిన్నరకు బస్టాండ్ల నీ బస్సుకాడ నిలబడుతం. దిగేటప్పుడు మీ నాయిన ఏమంటడో నీకు ఎరుకే, నవ్వకు. తొమ్మిదింటికి హాస్టల్ల ప్రవల్లికను అప్పజెప్పాలె. పది దాంక అక్కడ ఉండనిస్తరు. సినిమా వచ్చే గురువారం ఎత్తేస్తున్నరంట, ఇప్పుడు పగటి ఆట ఒక్కటే ఉన్నది. నింగప్పకు చెప్పిన, ఒకే వరుసల ఐదు సీట్లు ఉంచుతడు. ఆట పదకొండున్నరకు. ఇంటర్వెల్ పన్నెండు యాభైఐదుకు. బురుజు సీను ఒకటి నలభైకి. నీ సీటు మీ నాయినకు ఎడమపక్కన.

అలివేలమ్మ